ఆముదం జాడీ

మా ఆఫీసులో అందరికన్నా ఎక్కువ అబద్ధాలాడేది మనిషి కాదు, ఒక మాట. 'ఫైనల్'. సర్వర్ తెరిస్తే ఫోల్డర్లు వరసగా కనిపించేవి: ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ ఇదే, ఇదే అసలు ఫైనల్. వీటిలో ఏది నిజంగా పూర్తయిందో రాసినవాడికి తెలుసు. వాడు సెలవులో ఉంటే దేవుడికి తెలుసు.

విజయవాడలో బందరు రోడ్డు పక్క సందులో, రెండో అంతస్తులో పదకొండుమందిమి ఉండేవాళ్లం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. వినడానికి తేలికపాటి పనే. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి లోపల పెట్టుకుంటాడు. ఆయనకొక బాండు అచ్చువేసి ఇవ్వాలి. ధర పలికినప్పుడు కొన్ని టిక్కీలు తీసి మిర్చి యార్డుకు తోలుకుంటాడు, మిగతావి ఉంచుతాడు. సీజన్ చివర అద్దె లెక్క చూడాలి. ఈలోగా అవసరం పడితే ఆ బాండు పట్టుకెళ్లి బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు. అంటే మా ప్రింటర్లోంచి వచ్చేది మాకు కాగితమే కానీ, రైతుకు మాత్రం ఆ ఏటి పంట మొత్తం అదే.

నా పని, రాసేవాళ్లు రాసిన ముక్కలన్నీ ఒకచోట చేర్చి, కట్టగట్టి, నంబరు వేసి బయటికి పంపడం. ఆఫీసులో నన్ను మంత్రసాని అనేవాళ్లు. నెలలు నిండకుండా పురుడు పోయించమని అడిగినవాళ్లే ఎక్కువ.

ఆ ఏడు కొత్త ప్రోగ్రాము మొదలుపెట్టాం. రాబోయేది 1.0 కదా అని ఫోల్డర్‌కి 1.0 అనే పేరు పెట్టాను. లోపల ఒక చిన్న ఫైల్లో 'ఇంకా పూర్తి కాలేదు, ఎవరికీ ఇవ్వొద్దు' అని రాశాను కూడా. సేల్స్ చూసే కుర్రాడికి ఆ ఫైలు తెరిచే తీరిక లేదు, గుంటూరు బస్సు అందుకునే తొందర ఉంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ఫోనొచ్చింది. కోల్డ్ స్టోరేజీ పెద్దాయన. గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది.

"బాబూ, 120 టిక్కీలు పెట్టిన రైతు నిన్న 50 తీసుకుపోయాడు. మీ కంప్యూటరేమో ఇంకా 120 ఉన్నాయంటోంది. ఆ 50 నేను పండించాలా, మీరు పండించి పంపుతారా?"

"అది..."

"ఇంకొకటి. మాకు తెలీకుండా మా గోడౌన్లో 'రైతు ఒకటి', 'రైతు రెండు' అని ఇద్దరు సరుకు పెట్టారు. ఇద్దరి ఫోను నంబర్లలోనూ అన్నీ తొమ్మిదులే. మీకేమైనా బంధువులా?"

అవి మేం పరీక్ష కోసం ఎక్కించుకున్న ఉత్తుత్తి పేర్లు. ఆ మాట ఆయనకి చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రం మా ఎం.డి. గారు అందర్నీ కూర్చోబెట్టారు. సేల్స్ కుర్రాడు ఒక్కటే మాటన్నాడు. "దాని మీద 1.0 అనే ఉందండీ."

కాదనడానికి ఎవరి దగ్గరా మాట లేదు. ఉన్నది నిజమే.

"ఈ తప్పు మనకంటే ముందే పెద్దవాళ్లు చేసి, దిద్దుకున్నారండీ" అన్నాను.

"ఎవరోయ్ ఆ పెద్దవాళ్లు?" అన్నారు ఎం.డి. గారు, మా కన్నా అధ్వానంగా ఇంకెవరైనా ఉన్నారన్న ఆశతో.

చెప్పాను. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి లినక్స్‌తో ఒక కొత్త సిస్టమ్ మొదలుపెట్టాడు. స్నేహితురాలు డెబ్రా పేరుకి తన పేరు అతికించి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. జీతం బత్తెం లేని వలంటీర్లు ఎక్కడెక్కడి నుంచో చేయి వేశారు. 1995 చివరికి 1.0 తయారవుతోంది. తయారవుతోందంటే పొయ్యి మీదే ఉంది. ప్రోగ్రాములన్నిటినీ పాత పద్ధతిలోంచి ఈఎల్ఎఫ్ అనే కొత్త పద్ధతిలోకి మారుస్తున్నారు. కొన్ని మారాయి, కొన్ని మారలేదు. సగం ఉడికిన అన్నం, సగం నానిన బియ్యం ఒకే గిన్నెలో. వలంటీర్లు తలో ఊళ్లో ఉంటారు కాబట్టి ఆ గిన్నెని అందరికీ అందేచోటే పెట్టుకున్నారు, ఇంటర్నెట్‌లో.

ఆ రోజుల్లో టెలిఫోను లైను మీద అంత సరుకు దించుకోవడమంటే చెంబుతో చెరువు తోడటమే. అందుకని అలాంటివన్నీ సీడీల్లోకి ఎక్కించి అమ్మే కంపెనీలుండేవి. ఇన్ఫోమేజిక్ అనే కంపెనీ 1995 నవంబరులో 5 సీడీల సెట్టు తెచ్చింది. అందులో ఆ సగం ఉడికినదాన్ని పెట్టి, పైన 'డెబియన్ 1.0' అని పేరేసింది. మోసం కాదు, పొరపాటు. డిసెంబరు 11న డెబియన్ వాళ్లూ ఆ కంపెనీ వాళ్లూ కలిసి ప్రకటన ఇచ్చారు. అది అసలు 1.0 కాదనీ, సరిగ్గా నడవకపోవచ్చు సరికదా అసలు బూటే కాకపోవచ్చనీ డెబియన్ తరఫున బ్రూస్ పెరెన్స్ విడమరిచి చెప్పాడు.

"మరి అసలు 1.0 ఎప్పుడొచ్చింది?" అంది టెస్టింగ్ చూసే అమ్మాయి.

"రాలేదు. ఆ పేరు అప్పటికే ఎంగిలైపోయింది. సీడీ కొన్నవాడి దగ్గర చెడ్డ 1.0 ఉండగా మంచి 1.0 ఇస్తే, ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? అందుకని 1996 జూన్‌లో ఏకంగా 1.1 ఇచ్చారు. ఇప్పటికీ డెబియన్ వంశవృక్షంలో 1.0 అనే బిడ్డ లేడు."

"బాగానే ఉంది. దిద్దుకున్నదెలా?" అన్నారు ఎం.డి. గారు.

"పొయ్యి మీద ఉన్నంతకాలం నంబరు పెట్టడం మానేశారండీ. పెరెన్స్ పిక్సార్ స్టూడియోలో పనిచేసేవాడు. ఆ 1995 నవంబరులోనే వాళ్ల 'టాయ్ స్టోరీ' సినిమా వచ్చింది. అందులో పాత్రల పేర్లు తీసుకున్నారు. 1.1 పేరు బజ్. తర్వాత రెక్స్, బో, హామ్. తయారీలో ఉన్నప్పుడు ముద్దుపేరు, విడుదలయ్యాకే నంబరు. బారసాల అయ్యేదాకా బుజ్జిగాడు అంటాం చూడండి, అలాగ. ఎప్పటికీ తయారీలోనే ఉండేదానికి మాత్రం సిడ్ అని పెట్టారు. సినిమాలో బొమ్మల్ని విరగ్గొట్టే పక్కింటి పిల్లాడి పేరది."

సేల్స్ కుర్రాడి కళ్లు మెరిశాయి. "బజ్ అంటే భలే ఉంది సార్. బయట బాగా పోతుంది."

అప్పుడర్థమైంది నాకు. అమెరికా మందు మా ఆఫీసు రోగానికి చాలదు. ఇక్కడ కావలసింది ముద్దుపేరు కాదు. వినగానే ఎవడూ చేయి పెట్టలేని పేరు.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

తెనాలి దగ్గర పల్లెటూరు. వేసవిలో ఆవకాయ కలిపి, జాడీకి ఎత్తి, మూతికి వాసెన కట్టేది. మూడో రోజు తిరగకలపాలి. ఉప్పు సరిచూసి, ఊట చూసుకుని, మళ్లీ నూనె పోయాలి. అప్పటిదాకా అది ఆవకాయ కాదు, ఆవపిండి పూసిన మామిడిముక్కలంతే. కానీ సెలవులకొచ్చిన ఏడుగురు మనవలకి మూడో రోజంటే వచ్చే జన్మ. వాసెన విప్పేసేవాళ్లం, తడి చేతులు పెట్టేసేవాళ్లం. ఒక ఏడు జాడీకి 'ముట్టుకోవద్దు' అని చీటీ అంటించింది. అంతకుముందు ముట్టుకోనివాళ్లు కూడా ముట్టుకున్నారు. మరో ఏడు 'ఆవకాయ, మూడో రోజు దాకా ఆగాలి' అని రాసింది. మేం మొదటి మాట చదివి ఆపేశాం. చీటీ మీద ఎన్ని మాటలున్నా మనిషి తనకి కావలసిన మాట దగ్గరే చదవడం ఆపేస్తాడని ఆవిడకి ఆ ఏడే తెలిసింది.

మూడో ఏడు ఒక్కటే మాట రాసింది. 'ఆముదం'.

నెలకోసారి మమ్మల్ని వరసగా నిలబెట్టి, ముక్కు మూసి, గరిటెతో గొంతులో పోసే ఆముదం. ఆ జాడీ ఉన్న గదిలోకే వెళ్లలేదు మేం. మూడో రోజు తిరగకలిపి, ఆ చీటీ చింపేసి, వేడన్నంలో నెయ్యి వేసి మొదటి ముద్దలు మాకే పెట్టింది. ఆముదం జాడీలోంచి ఆవకాయ రావడం నేను చూసిన మొదటి ఇంద్రజాలం.

మర్నాడు ఫోల్డర్ పేరు మార్చేశాను. ఆముదం. అంతటితో ఊరుకోలేదు. తెర నెత్తిన ఎర్రటి పట్టీ, అచ్చయ్యే ప్రతి కాగితం పైన ఒక వరస: 'ఆముదం. అసంపూర్ణం. బయటికి ఇవ్వరాదు.' పేరు కాగితానికే అంటుకుని ఉండాలి గానీ పక్క ఫైల్లో ఉంటే లాభం లేదని ఒకసారి దెబ్బ తిని నేర్చుకున్నాను కదా.

ఆరు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. సేల్స్ కుర్రాడు ఆ ఫోల్డర్ వైపు చూసేవాడు కాదు. "ఆముదం పట్టుకెళ్లి అమ్మితే నన్ను కొడతారు" అనేవాడు. నేను లోలోపల అమ్మమ్మకి దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఫిబ్రవరి వచ్చింది. మిర్చి కోతలు మొదలయ్యాయి. నెలాఖరుకల్లా టిక్కీలు స్టోరేజీలకు చేరతాయి. మా దగ్గర ఉన్నది ఇంకా ఆముదమే. టిక్కీల లెక్క సరిచేశాం గానీ, ఒకే ఊళ్లో ఒకే పేరున్న రైతుల్ని విడదీసే ముక్క రాయడం మిగిలింది. ఇంకో ఆరు వారాలు కావాలి.

ఎం.డి. గారు నన్ను గదిలోకి పిలిచారు. "ఇచ్చేద్దామోయ్."

"పూర్తి కాలేదండీ."

"తెలుసు. ఆ మాట దాని మీదే రాసి ఉందిగా?"

"రాసి ఉన్నది ఇవ్వొద్దనండీ."

"అదేగా నేననేది. ఇవ్వొద్దని రాసి మరీ ఇస్తున్నాం. దాచామా? రేపు ఏదైనా తేడా వస్తే, ముందే చెప్పాం కదండీ అనొచ్చు. ఆ పట్టీ తీయకు. ఇంకాస్త పెద్దది చెయ్."

నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నారు. "జీమెయిల్ చూడు. 2004 ఏప్రిల్ ఒకటిన వచ్చింది. 2009 జూలై దాకా దాని మీద బీటా, అంటే ఇంకా పరీక్షలోనే, అనే ఉంది. ఐదేళ్లు! లోకమంతా వాడుకోలేదూ? నీ డెబియన్ వాళ్లకి తెలివి లేదు. చీటీ సరుకుని ఆపడానిక్కాదోయ్, మనల్ని కాపాడటానికి."

జీమెయిల్‌కి జనం డబ్బు కట్టలేదండీ అందామనుకున్నాను. జీతం గుర్తొచ్చి మానేశాను.

అలా ఆముదం గుంటూరు వెళ్లింది. సగం డబ్బు ముందే ముట్టింది. మిగతా 75,000 పని పూర్తయ్యాక అని ఒప్పందం.

రాసేవాళ్లలో ఇద్దర్ని ఎం.డి. గారు వేరే పనిలో వేశారు. ఆరు వారాలు ఆరు నెలలయ్యాయి. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఒకసారి ఒక రైతు బాండు పట్టుకుని బ్యాంకుకెళ్తే, అక్కడి గుమాస్తా పైనున్న వరస చదివి, "నువ్వు మిర్చి అంటున్నావు, కాగితంలో ఆముదం అనుంది, ఏ పంట పెట్టావయ్యా?" అన్నాడట. పెద్దాయన పెద్ద రబ్బరుస్టాంపు చేయించి, ప్రతి బాండు మీదా మా వరస కనపడకుండా తన ముద్ర గుద్దడం మొదలుపెట్టాడు. ఇంకోసారి ఒకే ఊరి వెంకటేశ్వర్లు ముగ్గుర్నీ మా ప్రోగ్రాము ఒక్కరిని చేసి, ముగ్గురి టిక్కీలూ మొదటాయన ఖాతాలో వేసింది. మొదటాయన మౌనంగా ఊరుకున్నాడు. మిగతా ఇద్దరూ ఊరుకోలేదు.

ప్రతి ఫోనుకీ ఎం.డి. గారి జవాబు ఒకటే. "ముందే రాసి ఇచ్చాం కదండీ."

కొన్నాళ్లకి ఫోన్లు ఆగిపోయాయి. "చూశావా, అలవాటు పడ్డారు" అన్నారు ఆయన.

సెప్టెంబరులో బాకీ వసూలుకి ఇద్దరం గుంటూరు వెళ్లాం. గేటు దాటగానే మిర్చి ఘాటుకి దగ్గు పట్టుకుంది. హమాలీలు మాత్రం ముఖానికి తుండుగుడ్డ చుట్టుకుని, టిక్కీలు భుజానెత్తుకుని కబుర్లాడుకుంటూ పోతున్నారు. పెద్దాయన మజ్జిగ తెప్పించాడు. ఫిర్యాదు ఒక్కటీ చెయ్యలేదు. మా పిల్లల చదువులడిగాడు. ఎం.డి. గారు సంతోషంగా రెండో గ్లాసు కూడా తాగారు.

"అంతా బాగానే నడుస్తోంది కదండీ?" అన్నారు మూతి తుడుచుకుంటూ.

"నడుస్తోందండీ. ముగ్గురు గుమాస్తాలు పక్కనే కూర్చుని నడిపిస్తున్నారు" అన్నాడు పెద్దాయన. నా వైపు తిరిగాడు. "ఇంతకీ ఈ ఆముదం ఏమిటి బాబూ? ఏడు నెలల్నుంచి అడుగుదామనుకుంటున్నా."

చెప్పాను. అమ్మమ్మ, జాడీ, వాసెన, ముక్కు మూసి పోసే గరిటె, అన్నీ. పెద్దాయన కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని అడిగాడు.

"మరి మూడో రోజు మీ అమ్మమ్మ ఆ చీటీ తీసేసేదా?"

"తీసేసేదండీ. చింపి పొయ్యిలో పడేసేది."

"తీసేదాకా ఎవరికీ పెట్టేది కాదు?"

"చచ్చినా పెట్టేది కాదండీ."

"మంచి మనిషి" అన్నాడు. ఎం.డి. గారు గడియారం చూసుకున్నారు.

పెద్దాయన లేచి లోపలి గదిలోకి వెళ్లాడు. పది నిమిషాల తర్వాత కవరుతో వచ్చాడు. అంటించి ఉంది. రెండు చేతులతో ఎం.డి. గారికిచ్చి, గేటు దాకా వచ్చి సాగనంపాడు. కారులో ఒక అరబస్తా మిరపకాయలు కూడా పెట్టించాడు.

దారి పొడుగునా ఎం.డి. గారు హుషారుగా ఉన్నారు. "చూశావుగా? ఒక్క మాట అన్నాడా? చీటీ మహిమ అది. వచ్చే ఏడు అన్ని స్టోరేజీలకీ ఆముదమే ఇద్దాం."

కాజ టోల్‌గేటు దగ్గర లారీల వరస. కారాగింది. అప్పుడు తీరిగ్గా కవరు చింపి చెక్కు తీశారు. తేదీ ఉంది. మా కంపెనీ పేరు తప్పుల్లేకుండా ఉంది. అంకెల్లో 75,000, అక్షరాల్లో డెబ్భై ఐదు వేలు మాత్రమే. ఎం.డి. గారి ముఖంలో వెలుగు చెక్కు కింది అంచు దాకా వచ్చి, అక్కడ ఆరిపోయింది. మాట్లాడకుండా నా చేతికిచ్చారు.

సంతకం ఉండాల్సిన చోట, గుండ్రటి అక్షరాలతో, ఒక వరస రాసి ఉంది.

'ఆముదం. అసంపూర్ణం. బ్యాంకుకి ఇవ్వరాదు.'